బురుజు ఇంటికే వచ్చింది!

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు 1906లో పూర్తయింది. ఏడు వరుసలు, 698 కొట్లు, నడిమధ్యన ఒక్క బురుజు. అక్కణ్ణుంచే అన్ని వైపులా కాపలా. తెల్లదొర పాపం ఎంత ఖర్చు పెట్టాడో! ఇప్పుడా బురుజుని మనమే ఈఎంఐల మీద కొని, హాల్లో టీవీ పక్కన కూర్చోబెడుతున్నాం.

2020 ఆగస్టులో చెన్నై నుంచి దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ అండమాన్ దీవులకు చేరింది. నెట్ పరుగందుకుంది. అక్కడే స్థిరపడ్డ మన సిక్కోలు మావయ్య వెంటనే వైఫై కెమెరా బిగించాడు. తలుపుకి మూడు తాళాలు. కెమెరా పాస్‌వర్డ్ మాత్రం డబ్బాలో వచ్చినదే: ‘అడ్మిన్’. అడిగితే, ‘మనింట్లో ఏటుందిరా, చూస్తే చూడనీ!’ అంటాడు. అత్తయ్య జీడిపప్పు ఏ డబ్బాలో దాస్తుందో ఆయనకే తెలీదు. ఎక్కడో ఉన్న సర్వర్‌కి మాత్రం తెలుసు.

డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలకు 2025 నవంబరు దాకా ఆగాం. కంపెనీల అసలు బాధ్యతలకు అప్పట్నుంచి ఇంకో 18 నెలల గడువట (రూ.250 కోట్ల దాకా జరిమానా మరి, తొందరపడకూడదు). ఆనాటి ఖైదీని ‘అంగీకరిస్తున్నాను’ నొక్కమని ఎవరూ అడగలేదు. మనం చదవకుండానే నొక్కేశాం.

మావయ్యా, ముందా పాస్‌వర్డ్ మార్చు!