కంట్లో తేమ ఎంత శాతం?

కోతకొచ్చిన వరి నీట మునిగింది. గట్టు మీద కూలబడ్డ రైతు దగ్గరికి పట్నం నుంచి ఓ ‘పాజిటివ్’ ప్రబోధకుడు వచ్చాడు. ‘‘దిగులెందుకు బాబాయ్! గ్లాసు సగం ఖాళీ అనుకోకు, సగం నిండిందనుకో’’ అన్నాడు.

‘‘గ్లాసు దాకా ఎందుకు బాబూ, చేను మొత్తం నిండిందిగా!’’ అన్నాడు రైతు.

ధాన్యంలో తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. పోనీలెండి, ఆ మాత్రం తడినైనా సర్కారు ఒప్పుకుంది. ఈ పాజిటివ్ పెద్దల నిబంధన ఇంకా కఠినం... కంట్లో తేమ సున్నా శాతం ఉండాలి! ఏడిస్తే ‘నెగటివ్’ మనిషి. నిట్టూరిస్తే ‘వైబ్స్’ పాడు.

వెనకటికి కష్టమొచ్చిన ఇంటికెళితే పక్కన కూర్చుని ‘‘ఎంత పని జరిగిందిరా’’ అనేవారు. సగం బరువు అక్కడే దిగేది. ఇప్పుడు ఫోనులో ఓ నవ్వు బొమ్మ పంపి చేతులు దులుపుకుంటున్నారు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసిన మన పెద్దలేమీ నిరాశావాదులు కారు. చేదును చేదుగానే మింగమన్నారు. బెల్లమని బొంకమనలేదు!