రిటైర్మెంట్ డబ్బుకు పనికిరాని సలహాలు

రైల్వేలో రిటైరై బిట్రగుంటలో స్థిరపడినవాళ్ల చేతికి గ్రాట్యుటీ, పీఎఫ్ ఒక్కసారే వస్తాయి. వాటి వెంటే షేర్ల సలహాలూ వస్తాయి. వీటిని మాత్రం వినకండి.

"పెద్ద కంపెనీ మామా, మన హైదరాబాదుదే. షేర్లు వాళ్ల దగ్గర భద్రంగా ఉంటాయి."

షేర్లు బ్రోకరు దగ్గర ఉండకూడదు. డిపాజిటరీలైన ఎన్‌ఎస్‌డీఎల్‌లోనో సీడీఎస్‌ఎల్‌లోనో మీ పేరున ఉండాలి. బ్రోకరు మీ ఆర్డరును ఎక్స్ఛేంజికి చేర్చే ఏజెంటు. తరచూ అదే సంస్థ డిపాజిటరీ పార్టిసిపెంటు (డీపీ)గా మీ డీమ్యాట్ ఖాతా చూస్తుంది, తన సొంత డబ్బుతోనూ షేర్లు కొని అమ్ముకోవచ్చు. బోర్డు ఒకటే, పాత్రలు మూడు. గూడ్స్ యార్డు చూస్తూ పెరిగిన ఊరికి ఇది తెలియనిది కాదు: బండి రైల్వేది, సరుకు రసీదు ఉన్నవాడిది.

హైదరాబాదు బ్రోకరు సంస్థ కార్వీలో ఈ పాత్రల మధ్య గీతే చెరిగిపోయింది. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని, వాళ్ల షేర్లను సంస్థ తన డీమ్యాట్ ఖాతాలోకి మళ్లించింది. తనవే అన్నట్టు బ్యాంకుల దగ్గర, ఫైనాన్స్ కంపెనీల దగ్గర తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంది. 2019 నవంబర్ 22న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అడ్డుకునేసరికి ఆ షేర్ల విలువ 2,000 కోట్ల రూపాయలు దాటింది. నష్టపడ్డవాళ్లు 95 వేల మందికి పైనే. చాలామందికి షేర్లు తిరిగొచ్చాయి, కానీ అప్పిచ్చిన బ్యాంకులు ట్రిబ్యునల్‌కెక్కాయి. 2023లో సెబీ కార్వీని ఏడేళ్లు మార్కెట్ నుంచి నిషేధించింది. ఇంత పేరున్న సంస్థలో జరిగిందంటే, పేరును చూసి డబ్బు పెట్టమనడం సలహా కాదు, అన్యాయం.

"సంతకాలు పెట్టేయండి, మిగతాది మేం చూసుకుంటాం."

వద్దు. 2020 సెప్టెంబర్ నుంచి మార్జిన్ కోసం తాకట్టు పెట్టినా షేర్లు మీ ఖాతాలోనే ఉంటాయి, మీరు ఓటీపీతో ఒప్పుకోవాలి. ఆ ఓటీపీని ఎవరికీ ఫోన్లో చెప్పకండి. పాత పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో 2022లో డీడీపీఐ అనే పత్రం వచ్చింది. దాని పరిధి తక్కువే, అయినా ఇచ్చితీరాలనే నియమం లేదు. ఎవరు బలవంతపెట్టినా ఇవ్వకండి.

"ఆ మెసేజీలూ స్టేట్‌మెంట్లూ ఎవరు చదువుతారు, డిలీట్ చేసేయండి."

మీరే చదవాలి. కళ్లద్దాలు పెట్టుకుని, కావాలంటే మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి. డిపాజిటరీ పంపే స్టేట్‌మెంట్ బ్రోకరు చేతి మీదుగా రాదు, అందుకే దానికంత విలువ. అందులోని షేర్ల లెక్కను బ్రోకరు యాప్‌లో కనిపించే లెక్కతో పోల్చండి. ఒక్క షేరు తేడా ఉన్నా బ్రోకరుకు రాతపూర్వకంగా తెలపండి. సరైన జవాబు రాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.