రంజన్ నీళ్ళు, కారు గ్యాస్

భువనగిరిలో ఎండాకాలం కోటగుట్ట మీదినుంచి దిగివస్తుందని చెప్పడం శాస్త్రసమ్మతం కాకపోయినా, పగలంతా ఎండను తాగి పొద్దుగూకినాక తీరిగ్గా ఊరిమీదికి వదిలే ఆ ఐదువందల అడుగుల ఏకశిల పక్కన కారు నిలిపి, తిరిగివచ్చి స్టీరింగు ముట్టుకున్నవారెవరూ ఆ మాటను ఖండించరు. పశ్చిమ చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని బిరుదు మీదుగా త్రిభువనగిరి అయి, కాలక్రమాన అందులోని ‘త్రి’ని ఖర్చుచేసుకున్న ఈ పట్టణంలో, మార్చి దాటగానే కారున్నవారందరి నోటా ఒకే వాక్యం పలుకుతుంది: "గ్యాస్ ఖతమైనట్టుంది, కొట్టియ్యాలె." వ్యాకరణరీత్యా ఇందులో దోషం లేదు, పదార్థవిజ్ఞానరీత్యా మాత్రం రెండు క్రియలూ తప్పే.

మొదటి తప్పుకు మూలం రంజన్. వాకిట్లో ఇసుక మీద కూర్చోబెట్టే ఈ పెద్ద మట్టికుండకు ఒళ్ళంతా సన్నని రంధ్రాలే కావడంవల్ల లోపలి నీరు బయటికి ఊరి, ఆవిరై పోతూపోతూ మిగిలిన నీటి వేడిని వెంట తీసుకుపోతుంది. కారు ఏసీ చేసేదీ ఇదే పని, కాకపోతే నీటికి బదులు ఆర్-134ఏ అనే ద్రవ్యాన్ని, అంటే మామూలు గాలిపీడనంలో సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరిగిపోయే రసాయనాన్ని వాడుతుంది. డ్యాష్‌బోర్డు వెనుక దాగిన కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరై కారులోపలి వేడిని పీల్చుకుంటే, ఇంజిను బలంతో తిరిగే కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమి ముందుకు తోస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్ అనే జల్లెడవంటి పలకలో అది తన వేడిని రోడ్డుకు అప్పగించి మళ్ళీ ద్రవమై, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే ఇరుకుదారి దాటగానే పీడనం పడిపోయి, చల్లబడి మొదటికి వస్తుంది. రంజన్‌లో ఆవిరైన నీరు తిరిగిరాదు కాబట్టి రోజూ బిందెడు పోయాలి. ఏసీలో ఆవిరైనది బయటికి పోనే పోదు. పెట్రోలు ఖతమవుతుంది, జీతం ఖతమవుతుంది, గ్యాస్ ఖతం కాదు. రబ్బరు గొట్టాలగుండా, కంప్రెసర్ సీలు చుట్టూ ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఊరిపోయే మాట నిజమే గాని, ఏటేటా ఎండాకాలానికి సరిగ్గా ఖాళీ అయ్యే బండికి ఎక్కడో చిల్లి పడిందనే అర్థం. కోట మీద రాతిని తొలిచి వాననీటికి గుంటలు చేసినవారు, రాయికి పగులుందో లేదో చూడకుండా మబ్బులకోసం ఎదురుచూశారని అనుకోలేము.

చిల్లి సంగతి పట్టించుకోకుండానే చికిత్సకు దిగేవాడు గృహవైద్యుడు. ఇతడు సాధారణంగా ఆ ఇంటి యజమాని బామ్మర్ది అయి ఉంటాడు; ఫోనులో రెండు వీడియోలు చూసి, 450 గ్రాముల గ్యాస్ డబ్బా, ఒక గొట్టం, ఒకే ఒక నీలిరంగు మీటరు తెప్పించుకుని, ఆదివారం పొద్దున బానెట్ ఎత్తుతాడు. "ఏముంది బావా, ట్యూబుల గాలి కొట్టినట్టే" అన్న అతని అభయం వినసొంపుగానే ఉంటుంది గాని, ట్యూబులోని గాలి మాదిరిగా ఈ గ్యాస్ పీడనం పరిమాణాన్ని బట్టి పెరగదు. ఇంజిను ఆగి ఉన్నప్పుడు, 40 డిగ్రీల వేడిలో లోపల వంద గ్రాములున్నా నాలుగువందలున్నా, కాస్త ద్రవం మిగిలినంతవరకు మీటరు ముల్లు సుమారు 130 పీఎస్‌ఐ దగ్గరే నిలుస్తుంది. వంటింట్లో ఈ సూత్రం ఏనాటినుంచో అమలులో ఉంది: గ్యాస్ బండలో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఏ ఇల్లాలూ మీటరు పెట్టదు, బండను ఓరగా ఎత్తి బరువు చూస్తుంది. ఇంజిను నడిచేటప్పుడు ఆ ముల్లు బయటి ఎండకూ ఫ్యాను వేగానికీ కూడా ఊగుతుంది కనుక, దాన్ని నమ్మి నింపుతూ పోతే కండెన్సర్‌లో ద్రవమే పేరుకుని, ఆవిరి చల్లబడే చోటు తగ్గి, చల్లదనం ఇంకా తగ్గుతుంది; తగ్గింది కదా అని బామ్మర్ది రెండో డబ్బాకు మనిషిని పంపుతాడు. గొట్టాలు విప్పి బిగించినప్పుడు లోపల చేరిన తేమ ఇరుకుదారి దగ్గర మంచై గడ్డకడితే, బీబీనగర్ టోల్‌గేటు దాకా చల్లగా ఊదిన ఏసీ ఘట్‌కేసర్ వచ్చేసరికి వడగాలి ఊదడం మొదలుపెడుతుంది.

రెండో క్రియలోని తప్పు దుకాణంలో బయటపడుతుంది, ఎందుకంటే గ్యాస్‌ను కొట్టరు, తూస్తారు. పని తెలిసిన మెకానిక్ ముందుగా నైట్రోజన్ నింపి, అతుకుల మీద సబ్బునురుగు రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తాడు. చిల్లిని బాగుచేసినాక వ్యాక్యూమ్ పంపుతో అరగంటకు తగ్గకుండా లోపలి గాలిని లాగేస్తాడు, గాలి లేనిచోట నీరు మామూలు వేడికే మరుగుతుంది కాబట్టి తేమ కూడా దానితోనే పోతుంది. పంపు ఆపినా ముల్లు కదలకుండా నిలిస్తేనే, బానెట్ కింది స్టిక్కరు మీద రాసినన్ని గ్రాములు, చిన్నకారుకైతే సాధారణంగా అరకిలో లోపే, కాటా మీద తూచి ఎక్కిస్తాడు. ఇదంతా పూటపని. "పది నిమిషాల్ల కావాలె అన్నా, గుట్టకు పోవాలె" అనే గిరాకికి పది నిమిషాల వైద్యమే దొరుకుతుంది, వచ్చే ఏడు అదే గిరాకి అదే దుకాణానికి వస్తాడు, ఈ వార్షిక దర్శనంలో ఇద్దరికీ ఒక ఆప్యాయత కూడా ఏర్పడుతుంది. చిల్లి కూలింగ్ కాయిల్‌లోనే ఉందని తేలి, "డ్యాష్‌బోర్డు మొత్తం దింపాలె సార్" అన్న మాట వినబడితే మాత్రం యజమాని ఏ గ్యాస్ అవసరమూ లేకుండానే చల్లబడతాడు.

యాదాద్రి భువనగిరి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడితే, సరిగ్గా నాలుగు రోజులకు రువాండా రాజధాని కిగాలీలో ప్రపంచదేశాలు కూడి, ఆర్-134ఏ వంటి వాయువులను క్రమంగా తగ్గించాలని మాంట్రియల్ ఒప్పందాన్ని సవరించుకున్నాయి. భారతదేశం దాన్ని 2021లో ఆమోదించింది. వందేళ్ళ లెక్కన ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 1430 రెట్లు భూమిని వేడెక్కిస్తుందంటారు కాబట్టి, బామ్మర్ది చిల్లిగుండా గాలిలో కలిపిన ఒక్క డబ్బా, 280 లీటర్ల పెట్రోలు తగలబెట్టినదానితో సమానం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో అంత పెట్రోలుతో భువనగిరినుంచి యాదగిరిగుట్టకు సుమారు 150 సార్లు వెళ్ళిరావచ్చు. ఆ దర్శనాల పుణ్యం మాత్రం డబ్బాలో రాదు.

ఇంట్లో చేయదగిన పని లేదని దీని అర్థం కాదు. కండెన్సర్‌కు పట్టిన దుమ్మునూ పురుగులనూ మెత్తని నీటిధారతో కడగడానికి పట్టా అక్కరలేదు. గాలి చల్లగా లేకపోవడం వేరు, గాలే సరిగా రాకపోవడం వేరు; రెండోదే అయితే చాలా కార్లలో ముందు సీటు ఎదుటి అర వెనుకనే ఉండే క్యాబిన్ ఫిల్టర్‌ను, అంటే లోపలికి వచ్చే గాలిని వడకట్టే మడతల కాగితాన్ని బయటికి లాగి చూడవచ్చు. ఎండకు జడిసి వేపచెట్టు కింద నిలిపిన కారైతే, గ్యాస్ ఎన్నిసార్లు కొట్టించినా ఆ మడతల్లో పోయిన ఉగాదినాటి పూత అలాగే ఉంటుంది.