షెల్ కాదు, షేల్

నేను నంద్యాల షేల్‌ని. ఊరి పేరే ఇంటిపేరైన రాయిని. కుందూ లోయలో నల్లరేగడి కింద ఉండే బంధువర్గం నాది. ఒడ్డున ఊదారంగు పెళ్లగా పడి ఉంటే ఒక లెక్చరర్ నన్ను సంచిలో వేసుకొచ్చి ల్యాబ్ ట్రేలో పెట్టాడు. అప్పటినుంచి ఏ బ్యాచ్ వచ్చినా నా పేరు ‘షెల్’, అంటే గుల్ల, అనే చదువుతోంది. ఒక్క దీర్ఘం పలకడానికి వీళ్లకేం ఖర్చో!

షేల్ అంటే మరేం కాదు, గట్టిపడిన బురద. కదలని నీళ్ల అడుగున మెత్తటి ఒండ్రు పేరుకుపోయి, పైబరువుకు తడంతా పిండుకుపోయి రాయైంది. అందులోని బంకమట్టి రేణువు 0.004 మిల్లీమీటర్ల కన్నా చిన్నది, పైగా బల్లపరుపు. బరువు పడేసరికి అవన్నీ ఒకేవైపు పడుకున్నాయి. అందుకే గోరు దూర్చినా పొరలు పొరలుగా ఊడతాను. అలా ఊడకుండా ముద్దగా పగిలేవాణ్ణి మడ్‌స్టోన్ అంటారు, మా దాయాది. ఈ గుణం వల్లే ఆళ్లగడ్డ శిల్పుల గడప తొక్కే యోగం నాకు లేదు. ఉలిదెబ్బ పడిందంటే దేవుడి ముక్కు ఒక పొరలో, చెవి ఇంకో పొరలో!

1872లో విలియం కింగ్ దొర మా సీమ రాళ్లన్నిటినీ జియలాజికల్ సర్వే పుస్తకానికి ఎక్కించాడు. దొరల నోట మా కుందూ నది, అంటే కుందేరు, ‘ఖుండేర్’ అయింది, ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో అలాగే ఉంది. దాన్ని దిద్దినవాళ్లు లేరు కానీ, పిల్లల దీర్ఘానికి మాత్రం మార్కులు కోస్తారు.

మొన్న ప్రాక్టికల్స్‌లో ఒకమ్మాయి నామీద డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేసింది. సుయ్యిమని నురగ వచ్చింది.

“సార్, దీంట్లో సున్నం ఉంది. గుల్లలు కాల్చే కదా సున్నం చేసేది? అయితే ఇది షెల్లే!”

వాదన గట్టిదే. లెక్చరర్ కూడా ముచ్చటపడ్డాడు.

“ఇది నియోప్రోటెరోజోయిక్ కాలం నాటిదమ్మా. గుల్లలున్న జీవులు సముద్రంలో విస్తరించింది సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట. ఇది అంతకుముందుదే.”

“మరి ఆ సున్నం ఎక్కడిది సార్?”

సముద్రంలో కరిగున్న కాల్షియం, కార్బొనేట్ కలిసి అడుగుకు దిగిన సరుకే అది. నా కిందుండే కోయిలకుంట్ల సున్నపురాయి ఆ బాపతే. ఇంకా కిందిది నర్జి సున్నపురాయి, నీళ్లు బేలం గుహల్ని తొలిచింది దాంట్లోనే. వీటిలో దేనికీ గుల్లతో పని పడలేదు.