బాటిళ్ల కొంగకు శాలువా

భూమి వేడెక్కుతోంది. కాబట్టి మనం వెంటనే ఒక కొంగను చేయించాలి. తాగి పారేసిన నీళ్ల బాటిళ్లతో, పన్నెండు అడుగుల ఎత్తున, సరిగ్గా సూర్యాపేట బస్టాండు ఎదురుగా. రెక్కల్లో రంగు లైట్లుంటే మరీ మంచిది. దాన్ని చూసిన జనం సిగ్గుతో తల దించుకుని, చేతిలో ఉన్న ఖాళీ బాటిల్‌ను ఎక్కడ వెయ్యాలో తెలియక, కొంగ కాళ్ల దగ్గరే పెట్టి బస్సెక్కుతారు.

కొంగ కంటే ముందు ఫ్లెక్సీ రావాలి. ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అన్న అక్షరాలు చిన్నగా, ఊరి నాయకుడైన అన్నగారి నవ్వు పెద్దగా. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లను 2022 జులై 1 నుంచే దేశమంతా నిషేధించారని ఫ్లెక్సీ కొట్టే కుర్రాడికీ తెలుసు, కట్టించుకునే అన్నకూ తెలుసు. ఆహ్వానపత్రికకు చుట్టే మెరుపు పొర, పలావు తినే ప్లాస్టిక్ ప్లేటు, చెంచా కూడా ఆ నిషేధం జాబితాలోవే. అయినా మంచి పనికి ముహూర్తం చూస్తాం గానీ మైక్రాన్లు చూస్తామా?

ఇక ఆవిష్కరణ. శాలువాలు ప్లాస్టిక్ కవర్లలో దిగుతాయి, బొకేలు ప్లాస్టిక్ చుట్టుకుని దిగుతాయి. వేదిక మీద తలకో బాటిల్. రెండు గుక్కలు తాగి వదిలేస్తే అదే మర్యాద. పెద్దలందరికీ కప్పగా ఒక శాలువా మిగులుతుంది, దాన్ని కొంగకు కప్పుతాం. సాయంత్రం లెక్క తీస్తే కొంగకు పట్టిన ప్లాస్టిక్ కన్నా కొంగ పండుగకు పట్టిందే ఎక్కువ. రెండో కొంగకు ముడిసరుకు సిద్ధం. సర్క్యులర్ ఎకానమీ అని చదువుకున్నవాళ్లు చెప్పేది దీన్నే కాబోలు.

ఒక్క సూర్యాపేటకే ఇస్తే మిగతా ఊళ్లు అలుగుతాయి. హైదరాబాద్, విజయవాడ బస్సులు ఆగి కడుపు నింపుకునే ఊరు గనుక సూర్యాపేటలో బాటిళ్లకు కరువు లేదు. సలసల కాగే చాయ్‌ని సైతం కవర్లో పోసి మూతి బిగించి ఇచ్చే నేర్పు మనది. కోదాడకు కవర్లతో పడవ చేయిద్దాం. 2024 సెప్టెంబర్ 1న నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నడిగూడెం మండలంలో గండి పడింది, ఆ వానలకే కోదాడ వీధులు చెరువులయ్యాయి. మోరీ గొంతులో కవర్లు కుక్కి, వాన ఇంట్లోకి వచ్చాక ఆకాశాన్ని తిట్టే ఊళ్లకు పడవ అవసరమే. మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊరు. గోనె సంచి పోయి ప్లాస్టిక్ సంచి వచ్చింది కనుక ఆ సంచులతోనే వరి కంకి అల్లిద్దాం. కింద ఫలకం: ‘వాతావరణ మార్పును అడ్డుకుందాం.’

ఆ ఫలకం చదివి దామరచర్ల దారి పట్టారనుకోండి, 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు ఎదురవుతుంది. అది తినేది బొగ్గు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు వెళితే సిమెంటు ఫ్యాక్టరీలు. వాటి పొగకు ఎవరూ బొమ్మ కట్టరు. చిన్నవాళ్ల తప్పులకు బొమ్మ కడతాం, పెద్దవాళ్ల తప్పులకు శంకుస్థాపన చేస్తాం. పొగ సంగతి ఎత్తినవాడు అభివృద్ధికి అడ్డం, కవర్ సంగతి ఎత్తినవాడు ప్రకృతి ప్రేమికుడు. మనవడికి కవర్లో చాయ్ పట్టుకెళ్లే ముసలమ్మ మాత్రం భూగోళానికి నిప్పు పెట్టిన ముద్దాయి.

పెద్దవాళ్ల తప్పుకూ బొమ్మ కట్టినవాడు ఒకడున్నాడు. బెంజమిన్ వాన్ వాంగ్ అనే కళాకారుడు 2022లో నైరోబీలో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ దగ్గర, 30 అడుగుల నల్లా నిలబెట్టాడు. అందులోంచి ప్లాస్టిక్ ధార కడుతుంది. పారేసేవాణ్ని తర్వాత చూద్దాం, ముందు నల్లా కట్టెయ్యండి అని దాని భావం. ప్రపంచంలో 2019లో పోగైన 35 కోట్ల టన్నుల ప్లాస్టిక్ చెత్తలో మళ్లీ వాడుకలోకి వచ్చింది 9 శాతమేనని ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ లెక్క. 2025 ఆగస్టులో జెనీవాలో ప్లాస్టిక్ కట్టడి కోసం ప్రపంచ దేశాలు పది రోజులు కూర్చుని, నల్లా ఎవరు కట్టాలో తేలక, ఒప్పందం లేకుండానే లేచిపోయాయి. మన కొంగకు ఆ పేచీ లేదు. నల్లా చూపిస్తే దాని పిడి ఎవరి చేతిలో ఉందని జనం అడుగుతారు. కొంగను అడిగేదేముంది?

విచిత్రం ఏమిటంటే ఇదే సూర్యాపేట 2003 ప్రాంతంలో అసలైన కళాఖండం ఒకటి చేసింది. మున్సిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో వీధుల్లో చెత్తకుండీలు ఎత్తేశారు. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయించారు, ట్రాక్టరును గడప ముందుకు పంపారు. తడిది వానపాముల ఎరువైంది, పొడిది అమ్ముడుపోయింది. పొరుగూళ్లవాళ్లు చూడ్డానికి వచ్చారు. వచ్చి చూసిందేమిటి? ఖాళీ మూల. నిన్నటిదాకా కుండీ కంపు కొట్టిన చోటు. పాపం, ఖాళీకి రిబ్బన్ కట్టలేం, దాని మీద లైట్లు వేలాడదీయలేం, పక్కన నిలబడి ఫోటో దిగితే వెనక ఏమీ పడదు. అందుకే ఆ కళకు వారసులు లేరు.

కొంగకు ఆయుష్షు రెండు ఎండాకాలాలు. మే నెల ఎండకు బాటిళ్లు పెళుసెక్కి, రెక్క ఒకటి ఒక తెల్లవారుజామున రాలుతుంది. చీపురు పట్టుకుని వచ్చిన పారిశుధ్య కార్మికురాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడుగుతుంది.

“ఇది పొడి బుట్టలెయ్యాల్నా బిడ్డా?”

“అవునమ్మా.”

ఆమె తలెత్తి స్తంభం వైపు చూస్తుంది. అన్నగారు ఇంకా నవ్వుతూనే ఉంటారు.

“మరి గా ఫ్లెక్సీల ఉన్న సారును ఏ బుట్టలెయ్యాలె?”