నన్ను ముందే పారేయాల్సింది

మా వస్తువుల ఏడుపు సాధారణంగా ఒకటే: వాడుకున్నారు, పారేశారు. నా గోడు దానికి తిరగబడి ఉంటుంది. పారేయాల్సిన రోజున నన్నెవరూ పారేయలేదు.

నేను యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలిచ్చే ట్యూబ్‌లైటుని. అమెరికాలో ఒక కాలేజీ కుర్రాడి గదిలో, జాలీ పంజరం పైన ఉండేదాన్ని. లోపల ఆలివ్ అనే ఆడ వెయిల్డ్ ఊసరవెల్లి. దాని పూర్వీకులది యెమెన్. ఇది మాత్రం పెంపకందారు ఇంట్లో పుట్టి, సూర్యుణ్ణి చూసిన పాపాన పోలేదు. గదికి కిటికీ ఉంది గానీ, అద్దం వెలుతురును రానిచ్చి యూవీబీని బయటే ఆపేస్తుంది. మీ ఊళ్లలో కంచెల మీద తిరిగే ఊసరవెల్లికి నాతో పనిలేదు, దానికి బోలెడు ఎండ ఉంది. పైగా దాన్ని పట్టి తెచ్చి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

నా పుట్టుకలో పెద్ద విశేషం లేదు. గాజు గొట్టం, కాస్త పాదరసం, లోపల పూత. వంటింటి ట్యూబ్‌లైటూ అంతే. కాకపోతే నా పూత వేరు, నా గాజు యూవీబీని దాటనిస్తుంది.

కొత్తలో నా దర్జా చూడాల్సింది! పొద్దున్నే ఆలివ్ పైకొమ్మ ఎక్కి, ఒళ్లు వెడల్పు చేసి, ముదురు రంగుకు తిరిగి, ఒక పక్కంతా నాకు అప్పగించేది. నా కిరణాలు దాని చర్మంలో పని మొదలుపెడితే, వేడి బల్బు వెచ్చదనానికి విటమిన్ డి3 తయారయ్యేది. కాలేయం, మూత్రపిండాలు దానికి పదును పెట్టాక పేగులు తిండిలోని కాల్షియాన్ని పట్టుకునేవి. తిండి అంటే కీచురాళ్లే. వాటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియం రెండింతలు ఉండాలి గనక పొడి అద్ది వెయ్యాలి. కుర్రాడు మొదట్లో అద్దాడు. డబ్బా అయిపోయాక మళ్లీ కొనలేదు.

ఏడాది గడిచింది. నాలో వెలుగు మిగిలింది, యూవీబీ పోయింది. అది మనిషి కంటికి కనపడేది కాదు. మాడిపోతే మారుద్దామనుకున్నాడు. నేను మాడలేదు. రంగులు మారుస్తుందని ఊసరవెల్లిని ఆడిపోసుకునే మనిషి, రంగు మారని దీపాన్ని నమ్మాడు.

పాంథర్ ఊసరవెల్లుల మీద 2009లో ఒక పరిశోధన అచ్చయింది. తిండిలో డి3 తక్కువైనవి యూవీ కింద ఎక్కువసేపు గడుపుతాయని తేలింది. అవి ఆలివ్‌కు దాయాదులు. ఆలివ్ కూడా రోజంతా నా కిందే ఉండేది, జాలీకి తల ఆనించి. ఇంకా దగ్గరికి రావడానికి చోటు లేదు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథులు ఊరుకోవు, ఎముకల్లోంచి తోడిపోస్తాయి. రాబడి లేని ఇంట్లో అసలు తినేసినట్టే. దానికి తోడు ఆలివ్ కడుపులో గుడ్లు. ఈ జాతి ఆడవి మగతోడు లేకపోయినా గుడ్లు పెడతాయి, వాటికీ కాల్షియం కావాలి. ముందు నాలుక గురి తప్పింది. తర్వాత ముంజేతులు విల్లులా వంగాయి. ఒళ్లు పైకెత్తలేక మోచేతుల మీద దేకేది. దవడ మెత్తబడింది. బద్ధకం పెరిగిందని కుర్రాడు నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

వేళ్లు వణకడం మొదలయ్యాక గానీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు. అక్కడ జరిగింది వాళ్లమ్మకు ఫోన్లో చెబుతుంటే విన్నాను. ఎక్స్‌రేలో ఎముకలు పొగలా పలచగా ఉన్నాయట. ఒక చెయ్యి ఎప్పుడో విరిగిందట. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి, నోట్లో పోసే సిరప్ రాశారు. డి3 సొంతంగా పోయొద్దన్నారు, మితిమీరితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొమ్మలు కిందికి దించమన్నారు. పట్టుకున్న కొమ్మ నుంచి లాగొద్దన్నారు, ఆ పట్టుకే ఎముక విరగొచ్చు.

తర్వాత ఎవరిదో మీటరు తెచ్చి నా కింద పెట్టాడు. ఆలివ్ కూర్చునే చోట యూవీ సూచిక 3 దాకా చూపాలి. సున్నాకు కాస్త పైన నిలిచింది. అంత అవమానం ఏ దీపానికీ వద్దు.

కొత్త ట్యూబు వచ్చింది. దాని చివర మార్కరుతో తేదీ రాశాడు. కొన్ని నెలలకు దవడ గట్టిపడింది, నాలుక మళ్లీ కీచురాయిని అందుకుంది. చేతుల వంకర మాత్రం పోలేదు. పోదు కూడా.

పాదరసం ఉంది గనక నన్ను చెత్తబుట్టలో వెయ్యకూడదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. అంత దూరం పోలేక అలమరలో నిలబెట్టాడు. నా మీద ఏమీ రాయలేదు. మొన్న గదిలోకి కొత్తగా చేరినవాడు పిల్ల ఊసరవెల్లిని కొనుక్కొచ్చి, లైటు కోసం అలమర వెతికాడు. నన్ను తగిలించి స్విచ్చి వేశాడు. వెలిగాను. డబ్బు మిగిలిందన్నాడు.