రీస్టార్ట్ నొక్కి వెళ్ళండి

నేను ఒక విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో మూడో బల్ల మీద పనిచేసిన కంప్యూటర్ని. 2012లో టెండరు మీద వచ్చిన సరుకులో నేనూ ఒకదాన్ని. నామినల్ రోల్స్, హాల్ టికెట్లు, రీవాల్యుయేషన్ దరఖాస్తులు, ఎందరో పిల్లల పేర్లూ వాళ్ళ మార్కులూ నా డిస్క్‌లో ఉండేవి. అందుకే నాకు వచ్చే అప్‌డేట్లను నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు.

మైక్రోసాఫ్ట్ తన భద్రతా సవరణలను 2003 నుంచీ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. అమెరికా పడమటి తీరంలో అప్పుడు ఉదయం పది గంటలు. మనకు రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. ఆ వేళకు మా సెక్షన్‌కు తాళం పడి ఉంటుంది. బుధవారం పొద్దున్న సీనియర్ అసిస్టెంట్ మేడమ్ వచ్చి స్విచ్ వేయగానే అవన్నీ నా మీదికి దిగేవి. సరిగ్గా అప్పుడే కిటికీ దగ్గర ప్రొవిజనల్ సర్టిఫికెట్ల కోసం వరస. "మేడమ్, పదకొండింటికి బస్సుంది" అని ఒకరు, "రేపే ఇంటర్వ్యూ" అని ఇంకొకరు. నా తెర మీదేమో కంప్యూటర్ ఆపవద్దన్న హెచ్చరిక, కదలని శాతం అంకె. మేడమ్‌కు కోపం వచ్చేది. న్యాయమైన కోపం. కంప్యూటర్ సెంటర్ నుంచి సర్క్యులర్ ముందే వచ్చింది, నిజమే. కానీ అది రెండు పేజీల ఇంగ్లీషు, నిండా వెర్షన్ నంబర్లు. సూపరింటెండెంట్ గారు సంతకం పెట్టి ఫైల్లో పెట్టించారు. తమ బల్ల మీది పనికి సంబంధించిన మాట అందులో ఉందని ఎవరికీ తట్టలేదు. అలాంటి కాగితాన్ని నేను సమాచారం అనను.

2017 మార్చి 14న, అదీ రెండో మంగళవారమే, విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకునే ఏర్పాటులోని ఒక లోపానికి సవరణ వచ్చింది. మే 12న వానాక్రై అనే వైరస్ అదే లోపం గుండా 150 దేశాల కంప్యూటర్లలోకి దూరింది. ఫైళ్ళకు తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కడితేనే తీస్తానంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకున్నాయి. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు, ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి అదే పాకుతుంది. సెక్షన్లో మేమంతా ఒకే నెట్‌వర్క్ మీద ఉన్నాం. డిగ్రీ మార్కులు ఎక్కుతున్న రోజులవి. మార్చి సవరణ అప్పటికే నాలో ఉంది కనుక ఆ వారమంతా నిబ్బరంగా పనిచేశాను. సవరణకూ వైరస్‌కూ మధ్య రెండు నెలల గడువుంది. లోకంలో ఎన్ని ఆఫీసుల్లో ఆ గడువు 'తర్వాత గుర్తు చేయి' అన్న బటన్ కింద కరిగిపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ వేసవిలోనే కంప్యూటర్ సెంటర్‌కు కొత్తగా వచ్చిన ప్రోగ్రామర్ అమ్మాయి సెక్షన్ సెక్షన్‌కూ తిరిగింది.

"మాకు ఈ వివరాలన్నీ ఎందుకమ్మా, ఎప్పుడేం నొక్కాలో చెప్పు చాలు" అన్నారు సూపరింటెండెంట్ గారు.

"అదే రాసుకొచ్చాను సార్" అంది.

అరపేజీ తెలుగు. బుధవారం సాయంత్రం వెళ్ళేటప్పుడు షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కి వెళ్ళండి. యూపీఎస్ ఆపకండి. గురువారం పొద్దున్న తేడా కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి. అంతే. కింద ఇంకో వాక్యం: మేం ఎప్పుడూ మీ పాస్‌వర్డ్ అడగం. ఆ వాక్యం విలువ నాకు తెలుసు. మెయిల్ పెట్టె నిండిపోయింది, అప్‌డేట్ కోసం ఇక్కడ నొక్కండి అంటూ దొంగ నోటీసులు కూడా సరిగ్గా సెంటర్ పేరుతోనే వచ్చేవి. ఆ వాక్యం చదివాక మేడమ్ అలాంటి మెయిల్ చూస్తే ముందు ఫోన్ అందుకునేవారు.

ప్రతి సవరణనూ ఆ అమ్మాయి మొదట సెంటర్‌లోని రెండు యంత్రాల మీద చూసుకుని, ఆ తర్వాతే మాకు వదిలేది. ఆ ఆలస్యం అవసరమైనదే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొడితే, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో ఆగింది. నన్ను విండోస్ 10కి మార్చారు. అప్పుడు ఆమె జాగ్రత్తంతా తెలుగు ఫైళ్ళ మీదే. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట్లలోనే తెలుగు ఆకారాలను కూర్చేవి. ఆ ఫాంట్ లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు ముక్కలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు తనదైన చోటుంది. ముందు ఫైళ్ళను అందులోకి మార్చి, పాత కాగితంతో సరిచూసి, తర్వాతే నా మీద చెయ్యి వేసింది. వత్తులు ఎక్కడ తప్పిపోతాయో పట్టుకున్నది మాత్రం టైపిస్టు గారు.

2025 అక్టోబరు 14న విండోస్ 10 వంతు వచ్చింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్ నాలో లేదు, నా ప్రాసెసర్ కూడా దానికి చాలదు. డబ్బు కట్టి కొంతకాలం భద్రతా సవరణలు తెచ్చుకునే వీలుంది. కానీ పరీక్షల రికార్డులకు కొత్త యంత్రమే కావాలని సెంటర్ తేల్చింది. మార్కులన్నీ సర్వర్‌కు ఎక్కించి, నా డిస్క్ పూర్తిగా తుడిచి, లైనక్స్ వేసి లైబ్రరీకి పంపారు. ఇప్పుడు పిల్లలు నా తెర మీద కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కేటలాగులో పుస్తకాలు వెతుక్కుంటారు. తుక్కు వేలానికి పోకుండా పనిలో ఉన్నందుకు సంతోషం.

మొన్న ఆ అమ్మాయి కోహా అప్‌డేట్ నోటీసు పట్టుకుని వచ్చింది. గురువారం సాయంత్రం కేటలాగ్ రెండు గంటలు ఆగుతుందని రాసి ఉంది.

"శుక్రవారం పిల్లలకు ఇంటర్నల్స్ ఉన్నాయమ్మా. ముందురోజు సాయంత్రం ఇక్కడ కాలు పెట్టే చోటుండదు" అన్నారు లైబ్రరీ అసిస్టెంట్.

"అయితే ఆదివారం పెట్టమంటారా సార్?"

"ఆదివారం మధ్యాహ్నం మూసే ఉంటుంది. పెట్టుకోండి."

ఆమె అక్కడే గురువారం కొట్టేసి ఆదివారం అని రాసింది. బల్ల దగ్గర కూర్చున్నవారి మాటకు అప్‌డేట్ తేదీ మారడం నేను చూడటం అదే మొదటిసారి.